రెండున్న చోట ఒకటి

ఆ వేసవి మొదట్లో మా ఇంట్లో ఏది చూసినా రెండేసి ఉండేవి. రెండు ఫ్రిజ్‌లు, రెండు బీరువాలు, రెండు గ్యాసు పొయ్యిలు, రెండు ఇస్త్రీపెట్టెలు. గోడ గడియారాలు రెండు. ఒకటి చెప్పింది ఇంకోటి ఒప్పుకునేది కాదు. గిన్నెలకన్నా మూతలు ఎక్కువ తేలాయి. రెండు సంసారాలు కలిస్తే గిన్నెలు ఎక్కడికి పోతాయో, మూతలు ఎక్కణ్ణుంచి వస్తాయో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

రెండో పెళ్లి అనగానే అందరూ మనుషుల గురించే అడుగుతారు. సర్దుకుంటున్నారా, కలిసిపోయారా అని. మనుషులం బాగానే సర్దుకున్నాం. ఇద్దరమూ ఒకసారి సంసారం చేసి, తోడు పోగొట్టుకుని, ఎవరి నుంచీ మరీ ఎక్కువ ఆశించకూడదని నేర్చుకున్నవాళ్లమే. సామాన్లకే ఆ జ్ఞానం లేదు. ఎక్కడ పెట్టినా అడ్డమే.

ఆయనది పళ్లసెట్లు చేసే పని. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తే, వాటి మీద పళ్లు అమర్చి సెట్టు చేసి పంపిస్తారు. వీధివైపు గది ఆయన పనిగది. దాని వెనక మూడు గదులు, ఆ వెనక రేకుల వరండా. నేను అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి, ఒక్క లారీలో సామానంతా తెచ్చుకున్నాను. ఆ లారీ ముందు సీట్లో, ఒళ్లో గడియారం పెట్టుకుని అత్తయ్య కూర్చుంది.

అత్తయ్య అంటే ఈయన తల్లి కాదు. పోయిన నా మొదటి భర్త తల్లి. ఆయన పోయాక ఆవిడా నేనూ ఒక్క కప్పు కిందే ఉన్నాం. ఈ పెళ్లి మాట వచ్చినప్పుడు నేను ఒక్కటే చెప్పాను. "నాతోపాటు మా అత్తయ్య కూడా ఉంటారు." "ఉంటారు, దానికేముంది," అన్నారాయన. ఆ మాట మా ఇద్దరి మధ్యే జరిగింది, అక్కడితో అయిపోయింది.

మొదటి ఆదివారం ఇంటి మధ్యలో నిలబడి చుట్టూ చూసి, ఆయన సూత్రం చెప్పారు.

"రెండున్న చోట ఒకటి. ఏది మంచిదైతే అది ఉంటుంది. నీదా నాదా అని చూడొద్దు. రెండోది వరండాలోకి."

"ఏది మంచిదో ఎవరు తేలుస్తారు?"

"నువ్వే. నాకు పళ్ల సంగతి తప్ప ఏం తెలుసు?"

నేను ఏ పనైనా అరకొరగా చేయలేను. రెండు పొయ్యిల మీదా ఒకే కొలతకు నీళ్లు పెట్టి చూశాను. నా పొయ్యి ఓడిపోయింది. ఇస్త్రీపెట్టెల్లో ఆయనది ఓడిపోయింది. ఫ్రిజ్‌ల విషయంలో ఎక్కువ మోత పెట్టేది వెళ్లిపోవాలన్నాను. రెండూ మోతే. గోడమీది ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. పోయిన ఆయన మొదటి భార్య ఫొటో ఒకటి, నా మొదటి భర్త ఫొటో ఒకటి.

"వీళ్లకి సూత్రం లేదు," అన్నారాయన. ఇద్దరినీ పక్కపక్కనే తగిలించారు. బతికుండగా ముక్కూమొహం తెలియని ఇద్దరు, పెళ్లివారిలా ఒకే గోడమీద కుదురుకున్నారు.

పోయేవాటికి గుర్తు పెట్టింది ఆయనే. పనిగదిలో పళ్లు అమర్చడానికి గులాబీరంగు మైనం వాడతారు, రేకుల్లాగా ఉంటుంది. సెట్టు పూర్తయ్యాక దాని డబ్బా మూతమీద చిన్న మైనం ముద్ద పెట్టి బొటనవేలితో నొక్కుతారు. ఆ గుర్తున్న డబ్బాలు పంపేయడానికి సిద్ధం అన్నమాట. అదే అలవాటుతో ఇంట్లో వదిలించుకోవాల్సిన ప్రతిదానికీ ఒక ముద్ద అంటించుకుంటూ పోయారు. కుర్చీకి, బల్లకి, ఫ్రిజ్‌కి.

"ఏంటి బాబుగారూ ఈ బొట్లు?" అని అడిగింది అత్తయ్య.

"వీటితో మన పని అయిపోయింది, ఇక పంపేయొచ్చు అని గుర్తండి."

"బాగుంది," అంది ఆవిడ. "మా రోజుల్లో పనైపోయినవాటిని అటక మీద పడేసేవాళ్లం. మీది శుభ్రమైన పద్ధతి."

మొదటి రోజుల్లో వాళ్లిద్దరికీ బాగానే పొసిగింది. ఆయన మనుషుల మొహం చూడరు, నోరు చూస్తారు. అత్తయ్య నోట్లో ఒక్క పన్ను లేదు. ఏది తిన్నా నానబెట్టుకోవాలి, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. మూడోనాడో నాలుగోనాడో ఆయన భోజనాల దగ్గర అన్నారు. "మీకో సెట్టు చేస్తానండి."

"ఈ వయసులో పళ్లెవరికి చూపించుకోవాలి బాబుగారూ?"

"చూపించుకోవడానిక్కాదు, నమలడానికి."

వీధి చివరి డాక్టరుగారి దగ్గరికి ఆయనే నడిపించుకుని తీసుకెళ్లి అచ్చు తీయించారు. దాంతో పోత పోసిన తెల్లటి చిగుళ్ల బొమ్మ ఆయన బల్ల పై అరలోకి చేరింది. అటు వెళ్లినప్పుడల్లా అత్తయ్య దానివంక చూసేది.

"నా చిగుళ్లు ఇంత వికారంగా ఉంటాయనుకోలేదు."

"అందరివీ అంతేనండి. పళ్లు కప్పేస్తాయి కాబట్టి తెలీదు."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎండలు ముదిరాయి. పొద్దున్నే నడుం బిగించి మొదలుపెడితే మధ్యాహ్నానికి చేతులు పైకి లేచేవి కావు. ఒక గది ఖాళీ అయితే ఇంకో గది నిండేది. అత్తయ్య మడతమంచం మధ్యగదిలో వేశాం. ఆవిడ రేకుపెట్టెకి చోటు లేక, ప్రస్తుతానికి అని వరండాలో పెట్టాం. ఆ వేసవి మొత్తం మీద నేను ఎక్కువసార్లు వాడిన మాట అదే, ప్రస్తుతానికి. ఆవిడ రోజూ వరండాలోకి వెళ్లి బట్టలు తీసుకుని, పెట్టె మూసి వచ్చేది. ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆ వారంలోనే ఆయన అక్క వచ్చింది. మా వదిన. పోయిన మరదలి వస్తువులు ఎవరికి పోతున్నాయో చూసుకోవడానికి వచ్చానని ముందే చెప్పేసింది. దాపరికం లేని మనిషి. నోటికి మూత కూడా లేదు. వరండాలో కుర్చీల మీద కుర్చీలు, తలకిందులుగా పెట్టిన స్టూళ్లు, వాటి మీద గులాబీరంగు ముద్దలు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదేంట్రా, దుకాణం పెట్టావా?"

"రెండున్న చోట ఒకటి, అక్కా. సూత్రం."

"నీ సూత్రం బానే ఉంది." వదిన నావైపు తిరిగింది. "మరదలా, కొత్త కోడలు సారె తెస్తుందని విన్నాను గానీ, అత్తగారిని వెంటబెట్టుకుని వస్తుందని నేనెక్కడా వినలేదమ్మా."

"మీరు వినాలనే తెచ్చాను వదినగారూ," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. మాటకు మాట చెబితే సంతోషించే రకం. ఆ ఊపులోనే ఇంకో మాట కూడా అనేసింది. "మా అమ్మ ముందే పోయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే రెండున్న చోట ఒకటని ఇద్దరు అత్తగార్లనీ పక్కపక్కన నిలబెట్టి, ఏది మంచిదో తేల్చాల్సొచ్చేది నువ్వు!"

ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వానేమో. మధ్యగదిలో మంచం మీద కూర్చుని అత్తయ్య గరిటెలు తుడుస్తోంది. తుడుస్తూనే ఉంది. వదిన వెళ్తూ వెళ్తూ మూతలున్న గిన్నెలన్నీ ఏరుకుపోయింది.

ఆ తర్వాత ఎప్పుడని చెప్పలేను గానీ, అత్తయ్య మారింది. ఒక సాయంత్రం ఆయన పనిగదిలోంచి మైనపు పట్టీ ఒకటి పట్టుకుని వచ్చారు. పళ్లు అమర్చేముందు పైదవడ, కిందిదవడ ఎక్కడ కలుస్తాయో తెలియడానికి మనిషి దాన్ని కొరకాలి. దానికి కాటు తీయడం అంటారు.

"ఒక్క నిమిషం పనండి. ఇలా కూర్చుని కొరికితే చాలు."

"వద్దులే బాబుగారూ. నాకు అలవాటైపోయింది. మీ పనులు మీకున్నాయి."

"నొప్పేం ఉండదు."

"నొప్పి కాదు. వద్దు."

ఆయన నావైపు చూశారు. పెద్దవాళ్ల మొండితనం అనుకుని నేను కళ్లతోనే వదిలేయమన్నాను. పట్టీ వెనక్కి వెళ్లి అరలో బొమ్మ పక్కన కూర్చుంది.

అత్తయ్య తన కంచం తనే కడుక్కోవడం మొదలుపెట్టింది. పక్కబట్టలు పొద్దున్నే మడిచి, మంచం కూడా మడిచి గోడకి ఆనించేది, అక్కడ ఎవరూ పడుకోనట్టు. దువ్వెన, కళ్లద్దాల డబ్బా, మందులు ఒక్కొక్కటే కిటికీ గట్టు మీంచి మాయమయ్యాయి. నాకు కనబడుతూనే ఉంది. కానీ ఆ రోజుల్లో చోటు ఖాళీ చేసిన ఏ వస్తువు మీదైనా నాకు అభిమానమే కలిగేది. గట్టు ఖాళీ అయింది, చెంచాల డబ్బా పెట్టుకోవచ్చు అనుకున్నాను. పెట్టాను కూడా.

"చిన్నదానికి ఒకసారి ఫోను కలిపిపెట్టు," అంది ఒక మధ్యాహ్నం. చిన్నది అంటే ఆవిడ కూతురు. దూరంగా, ఒక్క గది ఇంట్లో, మొగుడూ పిల్లలతో ఉంటుంది.

నేను స్టూలెక్కి బీరువా మీది దుమ్ము దులుపుతున్నాను. "ఈ సామాన్ల గోల అయ్యాక మాట్లాడుదురుగాని అత్తయ్యా."

"అయ్యాకే," అంది. "నేనూ అదే అంటున్నాను."

పాత సామాన్లు కొనే మనిషి వ్యాను వేసుకుని వచ్చిన రోజున ఎండ మాడ్చేస్తోంది. వరండా రేకుల కింద నిలబడితే తలమీద పెనం బోర్లించినట్టుంది. చెమట తుడుచుకోవడానికి అతని మెడలో తువ్వాలుంది, అదీ తడిసిపోయింది.

"మైనం ఉన్నవన్నీ నావేనా అమ్మగారూ?"

"అన్నీ నీవే. లేనిది ఒక్కటి తీసినా ఊరుకోను."

"తీసుకెళ్లమన్నా తీసుకెళ్లను, నడుం నాది కాదా!"

ఫ్రిజ్ ఎక్కింది. ఆయన బీరువా ఎక్కింది, అది ఎక్కేసరికి అతనూ, కూడా వచ్చిన కూలీ నేలమీద కూలబడ్డారు. తర్వాత బల్ల, కుర్చీలు. నేను లోపల వాళ్లకోసం చెంబులో నీళ్లు పోస్తుంటే అతను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అమ్మగారూ, అక్కడో రేకుపెట్టె ఉంది. దానికీ గుర్తుంది. పెద్దమ్మ దానిమీంచి లేవట్లేదు. నన్నేం చేయమంటారు?"

వెళ్లి చూశాను. వరండా దాదాపు ఖాళీ. గోడవారగా రేకుపెట్టె, దానిమీద అత్తయ్య. ఊరెళ్లే బట్టలు కట్టుకుంది. చెప్పులు వేసుకుంది. ఒళ్లో చేతిసంచి. పెట్టె మూత అంచున, ఆవిడ మోకాలి పక్కన, గులాబీరంగు మరక.

"పెట్టె మాత్రం ఇవ్వనని చెప్పు అతనికి," అంది నన్ను చూసి. "ఇది అతనికిస్తే నా బట్టలు దేంట్లో పెట్టుకుంటాను? బస్సు దాకా ఒక మనిషిని సాయం పంపితే చాలు."

"ఏ బస్సు?"

"చిన్నదానికి చెప్పాను. పక్కింటివాళ్లు ఫోను కలిపిపెట్టారు." నా మొహం చూసి ఆవిడే నన్ను సముదాయించింది. "ఏం కాదమ్మాయ్. నోరు తెరిచి చెప్పడానికి నీకు మొహమాటం, నాకు తెలుసు. అందుకే ఆయన గుర్తు పెట్టారు. పద్ధతిగానే చేశారు. నేనేం తప్పు పట్టలేదు."

నా చేతిలో నీళ్లచెంబు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు, వరండాలో పెట్టడానికి ఒక్క బల్ల కూడా మిగల్లేదు.

ఆయన చేతులకి తెల్లటి పొడితో పనిగదిలోంచి వచ్చారు. పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఆ మరకను చూశారు, నోళ్లను చూసినట్టే, తీరిగ్గా.

"ఇది నేను పెట్టింది కాదు," అన్నారు.

"పోనీలెండి బాబుగారూ."

ఆయన లేచి, వ్యానులోకి ఎక్కబోతున్న స్టూలుని తెచ్చి తిప్పి చూపించారు. కూర్చునే చెక్కమీద మైనం సగం చెదిరిపోయి ఉంది. ఇంకా ఎక్కించకుండా మిగిలిన ఒక కుర్చీ మీది ముద్ద కూడా చూపించారు. "నేను వేలితో నొక్కుతాను. ఇదిగో, గీతలు పడ్డాయి. మీ పెట్టెమీద గీతల్లేవు. ఈ స్టూలు మీ పెట్టెమీద బోర్లించి ఉంది. ఎండకి కరిగి అంటుకుంది."

"కరగదా మరి!" అన్నాడు సామాన్లతను. "మా ఇంట్లో కొవ్వొత్తులే వంగి దండం పెడుతున్నాయి."

అత్తయ్య కళ్లద్దాలు సంచిలోంచి తీసి పెట్టుకుని కుర్చీవంకా, పెట్టెవంకా చూసింది. నమ్మిందని తెలుస్తూనే ఉంది. అయినా లేవలేదు.

"సరే," అంది. "ఇది ఎండ చేసిన పని. కానీ బాబుగారూ, మైనం చూడగానే నేనెందుకు నమ్మాను? ఈ ఇంట్లో ఉండమని నాకెవరూ చెప్పలేదు. సామాన్లతోపాటు ఎక్కాను, సామాన్లతోపాటు దిగాను. ఒకటి పోతోంది, ఇంకోటి పోతోంది. నా వంతు ఎప్పుడా అని చూస్తూ కూర్చున్నాను."

కూలీ తలవంచుకుని తాడు చుట్టుకుంటున్నాడు.

ఆయన మాటకారి కాదు. గోటితో పెట్టెమీది మైనం మొత్తం గీకారు. గీకినదాన్ని ఉండ చేసి జేబులో వేసుకున్నారు. తర్వాత అన్నారు. "కాటు తీయాలండి. అక్కడ ఆగిపోయింది."

"బస్సుకి టైమవుతుంది."

"కాటు తీశాక పళ్లు అమర్చాలి. అమర్చాక మీ నోట్లో పెట్టి చూడాలి. సెట్టు పూర్తయ్యాక కొన్నాళ్లు గుచ్చుకుంటుంది, గుచ్చుకున్న చోటల్లా అరగదీయాలి. చిగుళ్లు ఎప్పుడూ ఒకలా ఉండవు, తగ్గుతుంటాయి. కొన్నేళ్లు పోయాక మళ్లీ కొత్తది చేయాలి."

"కొన్నేళ్లా? అన్నాళ్లు నేనెక్కడుంటాను?"

"ఇక్కడే. పళ్లు పెట్టుకున్నవాళ్లు చేసినవాడి దగ్గరుండాలి. ఊరెళ్లిపోతే ఎవరు అరగదీస్తారు?"

అత్తయ్య ఆయనవంక చూసింది. నావంక చూసింది. నేను చెంబు నేలమీద పెట్టి వ్యాను దగ్గరికి నడిచాను.

"ఆ బీరువా దించు," అన్నాను.

సామాన్లతను తువ్వాలు మొహంమీంచి తీశాడు. "ఏ బీరువా?"

"ఎక్కించినవాటిలో బీరువా ఒకటేగా."

"అమ్మగారూ, ఎక్కించేటప్పుడే ప్రాణాలు పోయాయి. గుర్తుంది కదా దానికి, వేలిముద్రతో సహా!"

"గుర్తు నేను గీకేస్తాను. నువ్వు దించు."

అతను నన్నూ, మా వంశాన్నీ లోలోపల తిట్టుకుంటూ దించాడు. మధ్యగదిలో మంచం పక్కన పెట్టించాను. గది ఇరుకైపోయింది. నడిచేటప్పుడు పక్కకి తిరగాలి. సూత్రం ప్రకారం చూస్తే అది తప్పే. తలుపు కిర్రుమనేది, తాళం సరిగ్గా పడేది కాదు. నా బీరువాతో పోలిస్తే ఏ లెక్కన చూసినా ఓడిపోయిందే. కిటికీ గట్టుమీంచి చెంచాల డబ్బా తీసేశాను.

వ్యాను వెళ్లిపోయాక పనిగదిలో ఆయన అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. మైనపు పట్టీ వేడినీళ్లలో ముంచి తీశారు.

"నాలిక వెనక్కి మడవండి. ఉమ్మి మింగండి. ఇప్పుడు మెల్లగా కొరకండి. ఇంకొంచెం. అలాగే ఉండండి."

ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని కొరికింది, సూది మందు వేయించుకునే చిన్నపిల్లలా. ఆయన తీసి వెలుతురుకి పెట్టి చూశారు.

"మరీ తెల్లటివి పెట్టకు నాయనా," అంది అత్తయ్య పెదాలు తుడుచుకుంటూ. "నా వయసుకి తగ్గట్టుండాలి. నలుగురూ అరువు పళ్లనుకోకూడదు."

"కొంచెం పసుపు కలుపుతాను."

"కొంచెమే."

తర్వాత అత్తయ్య ఆయన ఫోను తీసుకుని కూతురికి చేయించుకుంది. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం.

"లేదమ్మా, ఇప్పుడు రాను," అంటోంది నవ్వుతూ. ఫోనులో ఎలాగూ కనబడదు గానీ ఆ చెయ్యి నోటికి అడ్డం వెళ్లలేదు. "పళ్ల పనుంది. ఎన్నాళ్లంటే ఏం చెప్పను? వీళ్లు చెప్పేది చూస్తే ఇప్పట్లో తేలేలా లేదు."

నేను చీపురు తీసుకుని వరండాలోకి వెళ్లాను. సామాన్లున్న చోటల్లా దుమ్ము గీతలు, మధ్యమధ్య నేలకంటుకున్న గులాబీరంగు చుక్కలు. ఒకదాన్ని గోటితో గీకి చూశాను. ఇంకా మెత్తగానే ఉంది, సాగుతోంది. ఎండ తగ్గాక గట్టిపడితే సులువుగా వస్తుందిలే అనుకుని చీపురు గోడకి ఆనించేశాను.